మినారు చుట్టూ నలుగురం

ఆ రోజుల్లో సర్కారు కొలువుకు మనిషి ఎత్తు కొలిచే ఆచారం పోలీసుల్లో తప్ప ఎక్కడా లేదు. మిగతా దఫ్తర్లలో చేతిరాత చూసేవారు, ఎవరి కొడుకో అడిగేవారు, మరీ పట్టింపు ఉన్న అధికారి అయితే ఒక అర్జీ రాయించి చూసేవాడు. మా దఫ్తరులో మాత్రం ఒక టైపిస్టును తీసుకునేటప్పుడు గోడకు నిలబెట్టి, నెత్తి మీద సుద్దముక్కతో గీత గీసి, కింది నుంచి పైదాకా టేపు పట్టి కొలిచారు. ఆ గీత గీసినవాణ్ణి నేనే. టైపు వచ్చా అని అడగాలని అక్కడున్న నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ రోజు నేను ఎంత కుళ్ళుకుంటూ ఆ గీత గీశానో నాకే తెలుసు. (కుర్చీ ఎక్కి గీశాను. కింద నుంచి అతని నెత్తి నాకు అందలేదు.)

అది యాభైల నడిమి కాలం. సంగారెడ్డిలో ఒక జిల్లా దఫ్తరు. ఏ శాఖో చెప్పను. నా పింఛను ఇంకా అక్కడి నుంచే వస్తోంది. నాకు ఇరవై ఏళ్ళు. ఉర్దూలో చదువుకుని, తెలుగులో పోట్లాడుకుని, పట్నంలో ఆరు నెలలు ఇంగ్లీషు టైపు నేర్చుకుని, ఆ మూడోదాని పుణ్యాన తాత్కాలిక టైపిస్టుగా చేరాను. మా చిన్నమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. దఫ్తరంతా అప్పుడప్పుడే ఉర్దూలోంచి ఇంగ్లీషులోకి మారుతోంది. చూడముచ్చటగా ఉర్దూ రాసే పెద్దవాళ్ళు ఇంగ్లీషు చిత్తుప్రతి దగ్గరికి వచ్చేసరికి కలం చివర నములుతూ కూర్చునేవారు. వాళ్ళందరి మీదా ఒక సూపరింటెండెంటు. పై అధికారి ఏమన్నా సరే "బరాబర్, సాబ్" అనడంతోనే ఆయన ఇరవై అయిదేళ్ళ నౌకరీ గడిచింది కనుక మేమంతా ఆయన్ను బరాబర్ సాబ్ అనేవాళ్ళం. (ఎదురుగా కాదు.)

ఆ ఏడు ఒక కొత్త అధికారి బదిలీ మీద వచ్చాడు. పెద్ద సాబ్ అందాం. నవాబుల చుట్టరికం, తెల్లని చొక్కా, మెత్తని మాట. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడి ఒక మోకాలు పాడుచేసుకున్నాడు. రెండో మోకాలికి ఆ ఆశ చావలేదు. వచ్చిన వారానికే దఫ్తరు వెనక జప్తు చేసి పెట్టిన ఎడ్లబండ్లను ఒక మూలకు తోయించి, నేల చదును చేయించి, రెండు స్తంభాలు పాతించి, వాటికి చెక్కలూ ఇనుప కడియాలూ బిగింపించాడు. "దఫ్తరుకు ఒక టీము ఉండాలె" అన్నాడు. "బరాబర్, సాబ్" అన్నాడు బరాబర్ సాబ్. బంతిని కడియంలో వేయాలన్న సంగతి తప్ప మాకు ఇంకేమీ తెలియదు. నాతో పాటు ఉబ్బసం ఉన్న రికార్డు కీపరు, బొజ్జ ఉన్న లెక్కల గుమాస్తా, ఇద్దరు జవాన్లు - అంటే బంట్రోతులు - అదీ జట్టు. జవాన్లిద్దరూ గట్టివాళ్ళే. అయితే గుమాస్తాల చేతిలోంచి బంతి లాక్కోవడం వాళ్ళ మర్యాదకు సరిపడలేదు. తమకు దొరికిన బంతిని కూడా రెండు చేతులా పట్టుకొచ్చి "తీసుకోండి సాబ్" అని ఇచ్చేవారు. గుమాస్తాల్లో దగ్గూ బొజ్జా లేనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను కెప్టెన్ చేశారు.

సాయంత్రం ఇంటికెళ్ళి చిన్నమ్మతో చెప్పాను.

"కప్తానంటే ఫౌజుల ఉంటరు గదరా," అంది ఆవిడ జొన్నరొట్టె తడుతూ. "నీకు తుపాకి గిట్ల ఇస్తరా?"

"బంతి ఇస్తరు చిన్నమ్మా."

"బంతా," అని రొట్టె తిరగేసింది. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

మొదటి ఆట పోలీసు జట్టుతో. వాళ్ళు ఆడవలసిన అవసరమే రాలేదు, నిలబడితే సరిపోయింది. ఆట ముగిసేసరికి మా పేరున రెండు పాయింట్లు ఉన్నాయి. అవి కూడా ఒక పోలీసు జవాను పొరపాటున తమ కడియంలోనే వేసుకున్నవి. పెద్ద సాబ్ మర్నాడంతా టీ ముట్టకుండా కిటికీలోంచి ఆ స్తంభాల వైపు చూస్తూ కూర్చున్నాడు.

తరువాత పది రోజులకు సాబ్ జీపు పటాన్‌చెరువులో పంక్చరయింది. ఇప్పుడు ఆ దారి పొడుగునా ఫ్యాక్టరీలే గాని, అప్పుడు బొంబాయి సడక్కు రెండు పక్కలా జొన్నచేలు. పొగ అంటే వంటింటి పొగే. కాగితాల సంచీ మోస్తూ నేనూ వెంట ఉన్నాను. చక్రం మార్చేదాకా ఒక గోడ నీడన నిలబడ్డాం. ఎదురింటి కప్పు సరిచేస్తున్నారు. పైన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. కింద నుంచి పందొమ్మిదేళ్ళ కుర్రవాడు, తాటిచెట్టంత మనిషి, గూనపెంకులు ఒక్కొక్కటే పైకి విసురుతున్నాడు. ముసలాయన వాటిని పట్టుకునే కష్టం కూడా పడడం లేదు. ఒక చేత్తో బీడీ కాలుస్తూ, రెండో చెయ్యి ఊరికే తెరిచి ఉంచాడు. పెంకు లేచి, గాలిలో ఒక వంపు తిరిగి, వచ్చి ఆ చేతిలో కూర్చుంటోంది. కుర్రవాడు అటు చూడను కూడా చూడడు, దారిన పోయేవాళ్ళతో మాట్లాడుతున్నాడు. చక్రం మార్చడం అయిపోయిందని డ్రైవరు వచ్చి చెప్పినా సాబ్ కదలలేదు.

"ఏం చదివినవ్ బేటా?" అని పిలిచి అడిగాడు.

"మెట్రిక్ సాబ్. పట్నంల మామ ఇంట్ల ఉండి చదివిన. అబ్బా దర్జీ పని చేస్తడు. జెర చూపు తగ్గింది, సూదిల దారం ఎక్కిస్తలేడు. చెల్లెండ్లు ముగ్గురున్నరు. ఇగ ఇంటికొచ్చిన."

"పట్నంల మీ స్కూల్ల బాస్కెట్‌బాల్ ఉండెనా?"

"ఉండె సాబ్. నాలుగేండ్లు ఆడిన."

పెద్ద సాబ్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. దువా చేశాడేమో నాకు తెలియదు. అప్పుడు దఫ్తరులో ఖాళీ ఉన్నది ఒక్క టైపిస్టు కొలువే, నా పక్క బల్ల మీద రెండో మిషను గుడ్డ కప్పుకుని ఊరికే ఉంది. వారం తిరగకుండా ఆ కుర్రవాడు గోడకు నిలబడటం, నేను కుర్చీ ఎక్కడం జరిగాయి. ఆ రోజు నుంచి అతన్ని అందరూ మినారు అన్నారు. అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉండేది.

ఇక జట్టు పునర్నిర్మాణం. సాబ్ ఒక పాత ఫైలు వెనక ఎర్ర సిరాతో పెద్ద సున్నా చుట్టి, దాని చుట్టూ నాలుగు చుక్కలు పెట్టాడు. సున్నా మినారు. చుక్కలు మేము. రికార్డు కీపరుకు ఉబ్బసం వల్ల చుక్క హోదా కూడా దక్కలేదు. సాబ్ చెప్పిందంతా బరాబర్ సాబ్ ఉత్తర్వుగా రాశాడు. బంతి ఎవరి చేతికి వచ్చినా జాప్యం చేయక సదరు కొత్త టైపిస్టుకు అందజేయవలెను. తక్కినవారు కడియం వైపు విసరరాదు. సదరు టైపిస్టు వేళ్ళు అలసిపోకుండా అతని టైపు పని పాత టైపిస్టు చూసుకొనవలెను. జట్టు నాయకత్వం కూడా అతనికే. చివరి వాక్యం మూడో పేరాలో ఉంది. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే కనుక నా పదవి పోయిన సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది. తప్పు లేకుండా మూడు ప్రతులు తీశాను.

ఆ తరువాత దఫ్తరు దఫ్తరంతా మినారు చుట్టూ తిరిగింది. బరాబర్ సాబ్ ఇంటి బర్రె పాలు రోజూ పదకొండు గంటలకు ఇత్తడి గ్లాసులో వచ్చేవి, అతనికి. గాలి వచ్చే కిటికీ దగ్గరి కుర్చీ అతనికి. లెక్కల గుమాస్తా భార్య సంతలో కోడిగుడ్లు ఏరి పంపేది. నా బల్ల మీద రెండు బల్లల కాగితాలు. మైదానంలో నేను అతనికి బంతి ఇచ్చేవాణ్ణి, లోపల అతని కాగితాలు తీసుకునేవాణ్ణి. అతను మాత్రం ఊరికే కూర్చోలేక ఇబ్బంది పడేవాడు. నాకు పెన్సిళ్ళు చెక్కి పెట్టేవాడు, కార్బను కాగితాలు సర్దేవాడు. ఒకరోజు కుర్చీ జరుపుకుని వచ్చి, మెల్లగా అడిగాడు.

"అన్నా, నాకు జెర టైపు నేర్పరాదు. ఇంట్ల టైపిస్టునని చెప్పిన. మిషను మీది గుడ్డ ఎట్ల తీయాల్నో కూడ తెల్వది నాకు."

"నీకెందుకు తమ్మీ గవన్నీ," అన్నాను నేను, ఎంతో ప్రేమగా. "వేళ్ళు పాడైతయి. నువ్వు ఆట చూసుకో."

ఆ మాటలో ప్రేమ ఎంతుందో ఇప్పుడు దాచి లాభం లేదు. అతను ఆటలో నన్ను మించిపోయాడు, టైపు ఒక్కటైనా నా దగ్గర మిగలనీ అనుకున్నాను. అతను "సరే అన్నా" అని పెన్సిలు చెక్కడానికి వెళ్ళిపోయాడు.

మేము గెలవడం మొదలుపెట్టాం. "మేము" అనడం వాడుక కొద్దీ. పోలీసుల మీద గెలిచాం, స్కూలు మాస్టర్ల మీద గెలిచాం, మా శాఖలోనే నాలుగు జిల్లాల జట్ల మీద గెలిచాం. బంతి దొరకగానే కళ్ళు మూసుకుని సున్నా ఉండవలసిన చోటికి విసరడం, తరువాత నడుము మీద చేతులు పెట్టుకుని చూడటం, ఇదే మా ఆట. అతను పెంకు విసిరినట్టే విసిరేవాడు, కడియం చెయ్యి తెరిచి పట్టుకునేది. లెక్కల గుమాస్తా ఒకసారి మైమరచి తానే కడియం వైపు విసిరితే బరాబర్ సాబ్ మర్నాడు సంజాయిషీ అడిగాడు. (లిఖితపూర్వకంగా. అది కూడా నేనే టైపు చేశాను.) చివరికి పట్నంలో జరిగే ఫైనలుకు మా పేరు ఎక్కింది.

సరిగ్గా అప్పుడే రాష్ట్రాలు కలిశాయి. పెద్ద సాబ్‌కు దూరంగా ఎక్కడికో బదిలీ అయింది. వెళ్ళేరోజు మినారు భుజం మీద చెయ్యి వేయడానికి ప్రయత్నించి, అందక, మోచేతి మీద వేసి వెళ్ళాడు. ఆయన చోటులోకి కోస్తా నుంచి ఒక కొత్త అధికారి వచ్చాడు. ఆయన ఏ ఆటా ఆడడు. పొద్దున్నే తొమ్మిదిన్నరకు వచ్చి పని చేస్తాడు. మంచివాడు కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది. మూడో రోజున దఫ్తరంతా తిరుగుతూ మినారు కుర్చీ దగ్గర ఆగాడు.

"ఈ అబ్బాయి ఏం చేస్తాడండీ?"

"బాస్కెట్‌బాల్ ఆడుతడు సార్," అన్నాడు బరాబర్ సాబ్ గర్వంగా.

"ఆట సరేనండీ. పని?"

బరాబర్ సాబ్‌కు ఆ ప్రశ్న ఎప్పుడూ ఎదురు కాలేదు. "పని లేదు సార్," అన్నాడు.

"అయితే ఈ కుర్చీ ఎందుకండీ?"

"బరాబర్, సార్."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. తాత్కాలిక టైపిస్టులకు పదో రోజున పరీక్ష. తప్పినవారు ఇంటికి. నేను ఏడాదిగా ఇద్దరి పని చేస్తూ ఉన్నందున నా వేళ్ళు మిషను గన్నులా అయ్యాయి. కొత్త అధికారి నా బల్ల దగ్గర అయిదు నిమిషాలు నిలబడి చూసి, నాకు పరీక్ష అక్కర్లేదన్నాడు. అంటే మినారుకు చేటు చేద్దామనుకుని నేను దాచుకున్న పని నాకే మేలు చేసింది. ఆ మధ్యాహ్నం పాలు రాలేదు. బరాబర్ సాబ్ బర్రె ఒట్టిపోయిందో, కాలం మారిందో ఎవరూ అడగలేదు. మినారు సైకిలు స్టాండు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు.

"అమ్మీ అందరికి చెప్పుకున్నది అన్నా. నా కొడుకు కచేర్ల మిషను నడుపుతడని పటాన్‌చెరువంత తెలుసు. నేను మల్ల పెంకులిసిరితే ఆమె బయిటికి ఎట్లొస్తది?"

"రేపు పొద్దుగాల ఆరింటికి రా," అన్నాను.

ఎనిమిది పొద్దుటిపూటలు దొరికాయి. మొదటి రోజు అతను కొట్టిన పంక్తి చూసి అది ఏ భాషో నేను కనుక్కోలేకపోయాను. ఒక్కో వేలు రెండేసి మీటల మీద పడేది. ఇంకో చిక్కు, అతను తల వంచి ప్రతి అక్షరం వెతుక్కునేవాడు. కిందికి చూడొద్దని వందసార్లు చెప్పాను. మూడో రోజు ఏదో తోచినట్టు ఆగాడు.

"బంతి లెక్కనా అన్నా? ఉరుకుకుంట కొట్టేటప్పుడు బంతి దిక్కు చూడం గద. కడియం దిక్కే చూస్తం."

"గంతే తమ్మీ. కాయితమే కడియం అనుకో."

ఆ పూట నుంచి మిషను లొంగింది. ఏడు గంటలకు పాఠం ముగించి అతను నన్ను మైదానంలోకి లాక్కుపోయేవాడు. వద్దంటే వినలేదు. ఊరికే తీసుకోవడం అతనికి రాదు. నేను విసిరిన మొదటి పది బంతులు చూసి తల ఊపాడు. "దరఖాస్తు ఇచ్చినట్టు వేస్తున్నవన్నా. తీసుకుంటరో లేదో అని భయపడుకుంట. గట్ల కాదు." నా మోచెయ్యి పట్టుకుని సరిచేశాడు. ఆ దగ్గరితనంలో నా నోటి నుంచి మాట బయటపడింది.

"అప్పుడే నేర్పవలసుండె నీకు. నేర్పలేదు."

"కోపముండె గద అన్నా నీకు. కప్తాన్‌గిరి పోయినందుకు."

"నీకు తెలుసా?"

"నా ముందల పాలు పెట్టినప్పుడల్లా నీ మొకం చూస్తుంటి," అన్నాడు. "రెండు మూడుసార్లు సగం నీకిద్దామనుకున్న. బరాబర్ సాబ్ తాగేదాక నిలబడేటోడు."

ఆరో రోజున తెలిసింది, పరీక్షా ఫైనలూ ఒకే రోజని. బరాబర్ సాబ్ వెళ్ళి కొత్త అధికారిని తేదీ మార్చమని అడిగాడు. (జీవితంలో మొదటిసారి ఒకటి అడిగాడు, అది ఒప్పుకోవాలి.) "ఆట తేదీ మార్చుకోమనండి" అన్నాడట ఆయన. బరాబర్ సాబ్ ఏమన్నాడో చెప్పనక్కర్లేదు. ఆయన బయటికి వచ్చాక అందరి కళ్ళూ మినారు మీదే. లెక్కల గుమాస్తా గొణిగాడు, కప్పు గెలిస్తే సారు మనసు మారుతుందేమో అని. మినారు నా వైపు చూశాడు. పాత కెప్టెన్‌గా నేనిచ్చిన ఒకే ఒక్క ఆజ్ఞ అప్పుడు ఇచ్చాను.

"నువ్వు రావద్దు. పరీక్షల కూసో."

అలా మా జట్టు సున్నా లేకుండా నాలుగు చుక్కలతో పట్నం బస్సెక్కింది. అయిదోవాడు కావాలి గనుక బరాబర్ సాబ్ స్వయంగా వచ్చాడు. నలభై తొమ్మిదేళ్ళు, ధోవతి మీద కాన్వాసు బూట్లు. నడుమ నిలబడాలంటే నిలబడ్డాడు. ఆట మొదలైంది. ఏడాది అలవాటు చేతుల్లోంచి పోదు కదా, బంతి దొరికిందే తడవుగా మేము నలుగురం మినారు ఉండవలసిన చోటికి విసిరాం. ఆ చోట ఉన్నది బరాబర్ సాబ్. మొదటి బంతి ఛాతీకి తగిలింది, రెండోది టోపీ ఎగరగొట్టింది, మూడోదాన్ని ఎలాగో పట్టుకున్నాడు. అవతలి జట్టు కెప్టెన్ ఆయన ముందుకొచ్చి, అధికారంగా చెయ్యి చాపి, "ఇటియ్యండి" అన్నాడు. బరాబర్ సాబ్ ఇచ్చేశాడు. ఆ రహస్యం తెలిశాక వాళ్ళు మమ్మల్ని పట్టించుకోవడం మానేసి ఆయన్నే అడిగి తీసుకున్నారు.

ఆట చివర్లో బంతి ఎలాగో నా చేతికి వచ్చింది. కడియం కిందే ఉన్నాను, దగ్గర ఎవరూ లేరు. అలవాటుగా నడుమకు చూశాను. బరాబర్ సాబ్ నేల మీద కూర్చుని బూటు తాళ్ళు విప్పుతున్నాడు. ఇక విసరడానికి మనిషి లేక కడియం వైపే విసిరాను. భయపడకుండా విసిరానని అనను. బంతి కడియం అంచు మీద రెండు చుట్లు తిరిగి, తనలో తాను ఏదో ఆలోచించుకుని, లోపలికి జారింది. చప్పట్లు లేవు. జవాను ఒకడు మాత్రం దగ్గరికొచ్చి "మంచిగ పడ్డది సాబ్" అన్నాడు. మిగతా స్కోరు ఇక్కడ రాయను.

పొద్దు గుంకేవేళకు సంగారెడ్డిలో బస్సు దిగాం. మినారు అక్కడే ఉన్నాడు.

"పరీక్ష?" అన్నాను.

"పాసైన అన్నా. పది తప్పులదాక మాఫీ. నాయి ఆరే."

జేబులోంచి మడిచిన కార్బను ప్రతి తీసి ఇచ్చాడు. కొత్త అధికారి వృథా అంటే గిట్టని మనిషి, పరీక్ష కోసం వేరే ఏదో ఎందుకని, ఆ రోజు పంపవలసిన ఉత్తర్వునే టైపు చేయించాడు. దఫ్తరు వెనక స్థలంలోని రెండు స్తంభాలను వెంటనే తొలగించి, జప్తు బండ్లను పూర్వం ఉన్న చోట నిలపవలెను. చుట్టూ దీపాలు వెలగలేదు ఇంకా, కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివాను.

"నాలుగు తప్పులు స్తంభాల కాడనే పోయినయి," అన్నాడు మినారు. నవ్వుతున్నాడో లేదో, అతని మొహం ఎక్కడో పైన ఉండటం వల్ల నాకు కనిపించలేదు. "నువ్వెన్ని వేసినవ్ అన్నా?"

"ఒకటి."

"పడ్డదా?"

"పడ్డది."

"ఖసమ్?" అని ఒట్టు అడిగాడు.

"ఖసమ్."

అప్పుడు నవ్వాడు, అప్పటికే ఇంటిదారి పట్టిన బరాబర్ సాబ్ కూడా తిరిగి చూసేటంత. నా చేతిలోని సంచీ తీసుకుని, మా చిన్నమ్మ ఇంటిదాకా వచ్చి, ఆ ఒక్క బంతీ ఎలా పడిందో మూడుసార్లు చెప్పించుకున్నాడు.

మినారు ఆ దఫ్తరులోనే ముప్పై ఆరేళ్ళు పనిచేశాడు. ముగ్గురు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, సూపరింటెండెంటు అయ్యాడు, మళ్ళీ ఎన్నడూ బంతి ముట్టలేదు. సర్కారు బల్లలు అతని ఎత్తుకు చేసినవి కావు. వంగి వంగి రాసి ఇప్పుడు నాకంటే రెండంగుళాలే పొడుగున్నాడు. పింఛను పనుల మీద కలిసినప్పుడు బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటాం. అక్కడి కుర్రాళ్ళు ఊసుపోక "తాతా, మీ కాలంల మీరేమన్న ఆటలాడిండ్రా?" అని అడుగుతారు. బాస్కెట్‌బాల్ ఆడాననీ, కెప్టెన్‌ననీ, ఫైనలుదాకా వెళ్ళామనీ, ఫైనలులో మా జట్టు పాయింట్లన్నీ నేనొక్కణ్ణే వేశాననీ చెబుతాను. ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. వాళ్ళు నమ్మలేక మినారు వైపు తిరుగుతారు.

"నిజమేనా తాతా? మొత్తం ఎన్ని వేసిండు?"

"నేను ఆ దినం పరీక్షల ఉంటి బేటా," అంటాడతను. "లెక్క నాకు తెల్వదు. అందరికన్న ఎక్కువ ఆయననే వేసిండు."

కుర్రాళ్ళు నా వైపు గౌరవంగా చూస్తారు. ఇరవై ఏళ్ళప్పుడు ఎవరూ అలా చూడలేదని ఎంత కుళ్ళుకున్నానో. ఇన్నాళ్ళకు చూస్తుంటే దాన్ని సరిదిద్దే ఓపిక నాకు లేదు.